వర్క్‌షాప్ ఫొటోలు గ్రూపులో పంచుకోవడం ఎలా: రా ఫైలు నుంచి ప్రింట్ దాకా

విజయవాడలో ల్యాండ్‌స్కేప్ ఫొటో వర్క్‌షాప్ అంటే దాదాపు ఒకే రూటు. తెల్లారకముందే ప్రకాశం బ్యారేజీ, ఎండ ముదిరేలోపు ఉండవల్లి గుహలు, సాయంత్రం పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపం వైపు సూర్యాస్తమయం. రాత్రికల్లా వాట్సాప్ గ్రూపులో రెండొందల ఫొటోలు పడిపోతాయి, సగం అదే బ్యారేజీ, అవే గేట్లు, కింద "సూపర్ అన్నా", "కేక సార్", జోడించిన చేతుల బొమ్మలు. మంగళవారానికి గ్రూపు చల్లబడుతుంది, బుధవారం నుంచి మళ్లీ గుడ్‌మార్నింగ్ మెసేజ్‌లే.

నన్నడిగితే అసలు పాఠం ఆ తర్వాతి వారంలోనే ఉంది. పదిహేను మంది ఒకే గట్టు మీద, ఒకే వెలుగులో నిలబడి తీసిన ఫొటోలు మామూలుగా ఎక్కడ దొరుకుతాయి చెప్పండి? నది ఒకటే, ఆకాశం ఒకటే, కాబట్టి మీ ఫొటోకూ పక్కవాళ్ల ఫొటోకూ తేడా ఉందంటే అది ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయం వల్ల వచ్చిందే: ఏ లెన్స్ పెట్టారు, ఎక్కడ ఎక్స్‌పోజ్ చేశారు, ఇంటికొచ్చి ఎడిటింగ్ యాప్‌లో ఏ స్లైడర్ ఎటు జరిపారు. తయారైన ఫొటో ఒక్కటే పెడితే ఆ నిర్ణయాలు ఎవరికీ కనపడవు. రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచిన అసలు ఫైలు), ఎడిట్ చేసిన ఫొటో, చేసిన స్టెప్స్, మూడూ పెట్టాలి. ఎలా పెట్టాలో వరసగా చెప్తాను, గ్రూప్ అడ్మిన్ ఎవరైనా దీన్ని అలాగే తీసుకుని వాడుకోవచ్చు.

ముందు కార్డు, తర్వాత గడియారం

బస్సులో కూర్చునే గ్రూపులో పెట్టేయాలన్న తొందర మానుకోండి. ఇంటికి రాగానే మెమరీ కార్డులో ఉన్నదంతా రెండు చోట్లకు కాపీ చేయండి, ఒకటి లాప్‌టాప్, ఒకటి బయటి హార్డ్ డిస్క్. రెండూ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే కార్డు ఫార్మాట్ చేయండి. ఇది అందరికీ తెలిసిందే, వదిలేద్దాం.

అందరూ పట్టించుకోనిది కెమెరా గడియారం. గ్రూపు ఫొటోలన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి టైమ్ ప్రకారం పేర్చితే ఒకరి సూర్యోదయం మధ్యాహ్నం ఒంటిగంటకు వస్తుంది, ఇంకొకరిది నిన్నటి తేదీలో ఉంటుంది. బ్యాటరీ చాలాకాలం తీసి ఉంచిన కెమెరాల్లో ఇది మామూలే. టైమ్ సరిగ్గా ఉంటే ఒక లాభం ఉంది. ఉదయం సరిగ్గా 6.10కి ఎవరు ఎటు తిరిగి ఉన్నారో, అదే నిమిషంలో ఎవరికి ఏ రంగు దొరికిందో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఫోన్ టైమ్ నెట్‌వర్క్ నుంచి వస్తుంది కాబట్టి అదే ప్రమాణం. వర్క్‌షాప్ మొదట్లోనే అందరూ ఒకరి ఫోన్ గడియారాన్ని ఒక్క ఫొటో తీసుకుంటే, తర్వాత ఎవరి కెమెరా ఎంత ముందుందో ఎంత వెనకుందో తేలిపోతుంది. కంప్యూటర్‌లో ఫొటోలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఎడిట్ క్యాప్చర్ టైమ్ అనే ఆప్షన్‌తో మొత్తం ఫొటోల టైమ్ ఒకేసారి జరపొచ్చు.

అలాగే ఫైలు పేర్లు మార్చండి. ఒకే కంపెనీ కెమెరాలు వాడే ముగ్గురి ఫొటోలకు ఒకే నంబర్ రావడం చాలా సులువు, అప్పుడు ఒకే ఫోల్డర్‌లో ఏది ఎవరిదో తెలియదు, డౌన్‌లోడ్ చేసుకునేటప్పుడు ఒకదాని మీద ఒకటి పడి పాతది పోయే ప్రమాదం కూడా ఉంది. తేదీ, చోటు, మీ పేరు, నంబర్, ఈ వరసలో పేరు పెడితే చాలు. ఈ పని ఎడిటింగ్ మొదలుపెట్టక ముందే చేయాలి.

అయిదంటే అయిదే

ఒక్కొక్కరు అయిదు ఫొటోలకు మించి పెట్టకూడదని అడ్మిన్ గట్టిగా చెప్పాలి. ఎవరైనా అలిగితే అలగనివ్వండి. రెండొందల ఫొటోలు ఉంటే ఎవరూ ఏదీ చూడరు.

ఆ అయిదింటిలో నాలుగు మీకు నచ్చినవి. అయిదోది సరిగ్గా రానిది, కానీ ఎందుకు రాలేదో మీకు అంతుపట్టనిది. దాని మీదే ఎక్కువ మాటలు నడుస్తాయి, చూడండి. బ్యారేజీ గేట్ల వరసను చూస్తే కుదురుగా ఉంది, నీటి అంచు చూస్తే వంగి ఉంది, ఏది నిటారుగా పెట్టాలో తెలియదు, ఇలాంటిదన్నమాట. సమాధానం కూడా చెప్పేస్తాను: నిర్మాణాలు ఉన్న ఫొటోలో స్తంభాల నిలువు గీతలు చూడండి. బ్యారేజీని పక్క నుంచి తీస్తే దాని పొడవు గీత దూరానికి వెళ్లేకొద్దీ ఎలాగూ ఏటవాలుగానే కనిపిస్తుంది, దాన్ని లెవెల్ చేయబోతే ఫొటో మొత్తం ఒరిగిపోతుంది.

ఎంచుకునేటప్పుడు ఒక చిన్న పద్ధతి. ఫొటోలన్నీ చిన్న చిన్న బొమ్మలుగా పెట్టి, స్క్రీన్‌కు రెండడుగుల దూరం జరిగి చూడండి. అంత చిన్నగా ఉన్నా కంటికి ఆనేవే బలమైన ఫొటోలు, మిగిలినవి మీకు ఆ పొద్దున మీద ఉన్న ప్రేమ వల్ల బాగున్నట్టు అనిపిస్తున్నవి.

పంపే దారి

వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే దాన్ని బాగా కుదించేస్తుంది. హెచ్‌డీ నొక్కితే కాస్త నయం, కానీ అదీ అసలు ఫైలు కాదు. అసలు ఫైలే వెళ్లాలంటే అటాచ్ గుర్తు నొక్కి, గ్యాలరీ కాకుండా డాక్యుమెంట్ ఎంచుకుని పంపాలి. అప్పుడు ఒక్క పిక్సెల్ కూడా పోదు. రా ఫైళ్లు కూడా అలా వెళ్తాయి. కాకపోతే ఒక విషయం గుర్తుంచుకోండి, డాక్యుమెంట్‌గా పంపిన ఫొటోలో షట్టర్, అపెర్చర్ వివరాలతో పాటు జీపీఎస్ లొకేషన్ కూడా అలాగే ఉంటుంది. బ్యారేజీ ఎక్కడుందో దాచాల్సిన పనేమీ లేదు గానీ, మీ ఇంటి డాబా మీద నుంచి తీసిన మబ్బుల ఫొటో పంపేటప్పుడు లొకేషన్ తీసేయండి.

పదిహేను మంది ఉన్న గ్రూపుకు వాట్సాప్ కంటే గూగుల్ డ్రైవ్‌లో ఒక షేర్డ్ ఫోల్డరే మేలు. లెక్క వేసుకోండి: 24 మెగాపిక్సెల్ కెమెరా రా ఫైలు సుమారు 30 ఎంబీ అనుకుందాం, మనిషికి అయిదు చొప్పున పదిహేను మందికి 75 ఫైళ్లు, అంటే రెండుంబావు జీబీ. ఉచితంగా ఇచ్చే 15 జీబీలో హాయిగా పడుతుంది. పైగా ఎవరు అప్‌లోడ్ చేసిన ఫైలు వాళ్ల ఖాతాలోనే లెక్కపడుతుంది కాబట్టి అడ్మిన్ మీద భారం ఉండదు. ఆ 15 జీబీలోనే మీ జీమెయిల్, గూగుల్ ఫొటోస్ కూడా ఉంటాయన్నది మర్చిపోవద్దు, అప్‌లోడ్ మధ్యలో ఆగిపోయి టెన్షన్ పడే వాళ్లు ముందు అది చూసుకోవాలి.

గూగుల్ ఫొటోస్ ఆల్బమ్ ఎందుకు వద్దంటే, చాలామంది ఫోన్లలో స్టోరేజ్ సేవర్ ఆన్‌లో ఉంటుంది, అది 16 మెగాపిక్సెల్ దాటినవాటిని తగ్గించేస్తుంది. చూసుకోవడానికి ఆల్బమ్ బాగుంటుంది, ఎడిట్ చేయడానికి పనికిరాదు.

డ్రైవ్‌లో మూడు ఫోల్డర్లు చేయండి: రా, ఎడిట్, స్టెప్స్. ఎడిటర్ పర్మిషన్ ఉన్నవాళ్లు ఇంకొకరి ఫైలును ఫోల్డర్‌లోంచి తీసేయగలరు, కాబట్టి అప్‌లోడ్ గడువు అయ్యాక అందరినీ వ్యూయర్‌గా మార్చేయండి. ఎవరిమీదా అనుమానంతో కాదు, ఫోన్‌లో వేలు తగిలి పోయే ఫైళ్లే ఎక్కువ.

ఎడిట్ ఫోల్డర్‌లోకి వెళ్లే ఫొటో ఎలా ఉండాలంటే

జేపెగ్, పొడవు వైపు 2048 పిక్సెల్స్, క్వాలిటీ 80, కలర్ స్పేస్ (ఫైలులో పట్టే రంగుల పరిధి) ఎస్‌ఆర్‌జీబీ. చివరిది ముఖ్యం. అడోబీ ఆర్‌జీబీలో ఎక్స్‌పోర్ట్ చేసిన ఫొటో, కలర్ ప్రొఫైల్ సరిగ్గా చదవని యాప్‌లో తెరిస్తే వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, "మీ ఫొటో డల్‌గా ఉందండీ" అన్న కామెంట్ల వెనక చాలాసార్లు కారణం ఇదే. ఐఫోన్ వాళ్లు హెచ్‌ఈఐసీ ఫైళ్లు పెట్టొద్దు, కొన్ని విండోస్ కంప్యూటర్లలో తెరుచుకోవు, జేపెగ్‌గా మార్చి పెట్టండి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టడం అస్సలు వద్దు.

ఆకాశం నిండా వాటర్‌మార్క్ వేసేవాళ్లు కూడా ఈ ఒక్క ఫోల్డర్‌లో దాన్ని తీసేయండి. ఎడిటింగ్ చూడటానికి వచ్చిన వాళ్లు మీ పేరు చూసి ఏం చేసుకుంటారు?

స్టెప్స్ రాయడం

అసలు పని ఇది. చాలామంది ప్రీసెట్ (స్లైడర్ల అంకెలన్నీ కలిపి దాచిన సెట్టింగ్) ఒకటి పంపేసి ఎడిటింగ్ నేర్పించేశాం అనుకుంటారు. ప్రీసెట్ పంపడమంటే అమ్మమ్మ మాగాయ ఎలా పెట్టాలో చెప్తూ ఉప్పూ కారం దగ్గరికి వచ్చేసరికి "తగినంత" అనడమే. మీ ఫొటో ఒక స్టాప్ తక్కువ, అంటే సగం వెలుగుతో, ఎక్స్‌పోజ్ అయి ఉండొచ్చు, ఎదుటివాళ్లది సరిగ్గా ఉండొచ్చు, అదే ప్రీసెట్ వేస్తే వాళ్ల ఆకాశం తెల్లగా బర్న్ అయిపోతుంది. మీరు చేత్తో గీసిన మాస్క్ (ఫొటోలో ఒక భాగానికే మార్పు తగిలేలా వేసే హద్దు) ఇంకొకరి ఫ్రేమ్‌లో కొండ మీద పడాల్సింది నీళ్లలో పడుతుంది. అంకె కంటే ఆ అంకె ఎందుకు పెట్టారన్నదే పనికొస్తుంది.

నోట్ ఎలా రాయాలో ఒక నమూనా చూడండి. బ్యారేజీ మీద నుంచి దిగువ వైపు, అంటే సూర్యుడు వచ్చే వైపు తీసిన ఫొటో అనుకుందాం.

"ఎఫ్ 11, 1/60, ఐఎస్‌ఓ 100. సూర్యుడు ఫ్రేమ్‌లో ఉన్నాడు కాబట్టి కావాలనే ఒక స్టాప్ తగ్గించాను, అందుకే రా ఫైలు చీకటిగా కనిపిస్తుంది. ముందు లెన్స్ కరెక్షన్, హారిజాన్. వైట్ బ్యాలెన్స్ ఆటోలో కెమెరా పొద్దుటి ఎరుపంతా తీసేసింది, 5600కి తెచ్చాను. హైలైట్స్ మైనస్ 60, సూర్యుడి చుట్టూ పసుపు రింగు మెత్తబడే వరకు. షాడోస్ ప్లస్ 30 దగ్గర ఆపాను, ఇంకా పెంచితే ఇసుక మేటల్లో నాయిస్ వచ్చింది. ఆకాశం మీద లీనియర్ మాస్క్, ఎక్స్‌పోజర్ మైనస్ సున్నా పాయింట్ ఆరు. నీటి మీద ఇంకో మాస్క్, వెలుగు దారి పడ్డ చోట మాత్రమే క్లారిటీ ప్లస్ 10. చివర్లో ఆకాశంలో మూడు డస్ట్ స్పాట్లు తీశాను. నాకు తేల్చుకోలేనిది: ఎడమ వైపు ఉన్న పడవను క్రాప్ చేయాలా వద్దా."

ఇలా పది లైన్లు చాలు, తెలుగులో రాయండి, వాయిస్ మెసేజ్ పెట్టినా ఫరవాలేదు గానీ మళ్లీ వెతుక్కోవడానికి రాసిందే నయం. ఆఖర్న మీకు తేలని ప్రశ్న ఒకటి కచ్చితంగా ఉండాలి, దాన్ని పట్టుకునే మిగతావాళ్లు మాట్లాడతారు. డస్ట్ స్పాట్ల సంగతి రాయడం కూడా చిన్న విషయమేం కాదు, ఎఫ్ 16 దాకా వెళ్లిన వాళ్లందరి ఆకాశంలోనూ సెన్సర్ దుమ్ము బయటపడుతుంది, లైట్‌రూమ్‌లో విజువలైజ్ స్పాట్స్ పెట్టి చూస్తే ఎన్ని ఉన్నాయో తెలిసి గుండె ఆగుతుంది.

సాఫ్ట్‌వేర్ నుంచే స్టెప్స్ పంపే దారులు కూడా ఉన్నాయి. లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఫొటో ఎంచుకుని కంట్రోల్ ఎస్ నొక్కితే రా ఫైలు పక్కనే ఎక్స్‌ఎంపీ అనే చిన్న ఫైలు తయారవుతుంది, రెండూ కలిపి పంపితే అవతలివాళ్ల లైట్‌రూమ్‌లో మీ స్లైడర్లన్నీ అలాగే తెరుచుకుంటాయి. రా ఫైలు డీఎన్‌జీ ఫార్మాట్‌లో ఉంటే ఆ వివరాలు ఫైలు లోపలే ఉంటాయి. డార్క్‌టేబుల్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, అది కూడా ఎక్స్‌ఎంపీ ఫైలు దానంతటదే రాస్తుంది, కానీ రెండింటి ఎడిటింగ్ భాష వేరు, ఒకదాని స్టెప్స్ ఇంకోదానిలో అచ్చం అలాగే రావు. అందుకే రాసిన నోట్ ఎప్పటికీ అవసరమే. ఫోన్‌లో స్నాప్‌సీడ్ వాడేవాళ్లు ఫొటో సేవ్ చేసి మూసేయకముందే, చేసిన మార్పుల వరస తెరిచి స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఫోన్‌తో ఎడిట్ చేశామని మొహమాటపడాల్సిన పనేం లేదు.

మన వైపు ఫొటోల్లో చెయ్యి జారే చోట్లు

ఎడిటింగ్ పాఠాలు ఆన్‌లైన్‌లో కావలసినన్ని ఉన్నాయి, ఎక్కువ మంచు కొండలూ నీలి సరస్సులూ చూపించేవే. మనకు కృష్ణ మీద మంచు తెర, మిర్చి కళ్లాలు, చీకటి గుహలు. వీటి తిప్పలు వేరు.

చలికాలంలో నది మీద పొద్దున్నే ఉండే తెరను చూడగానే అందరి చెయ్యీ ఆ తెరను తీసేసే డీహేజ్ స్లైడర్ మీదకు వెళ్తుంది. ప్లస్ 10, 15 వరకు సరే. 40 దాటిందంటే ఇంద్రకీలాద్రి అంచు చుట్టూ తెల్లటి గీత పడుతుంది, నీడలు నీలంగా మారతాయి, ఆకాశం మూలలు నల్లబడతాయి. అన్నిటికంటే ముఖ్యం, ముందు కొండ, వెనక కొండ, ఆ వెనక ఇంకోటి అని దూరం తెలిసేది ఆ మంచు వల్లే కదా, దాన్ని తుడిచేస్తే కొండలన్నీ ఒకే గోడకు అంటించినట్టు కనిపిస్తాయి. డీహేజ్ కావాలనుకుంటే మాస్క్ గీసి ముందున్న గట్టు మీదో పడవ మీదో మాత్రమే వేయండి, వెనక కొండలను వాటి మానాన వదిలేయండి.

రెండోది మిర్చి. జనవరి నుంచి ఎండాకాలం మొదలయ్యే దాకా గుంటూరు వైపు వెళ్లిన గ్రూపులన్నీ కళ్లాల్లో ఆరబోసిన మిర్చి తీస్తాయి, ఇంటికొచ్చి చూస్తే కాయలు కనపడవు, ఎర్ర రంగు పోసిన చాప కనిపిస్తుంది. హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగులు చూపించే గ్రాఫ్) చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది, కానీ ఎరుపు చానల్ ఒక్కటే కుడి గోడకు గుద్దుకుని ఉంటుంది. లైట్‌రూమ్‌లో హిస్టోగ్రామ్ పైన కుడి మూల త్రికోణం తెల్లగా కాకుండా ఎర్రగా వెలిగితే విషయం అదే. అంత గాఢమైన ఎరుపును ఎస్‌ఆర్‌జీబీ పట్టుకోలేదు, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఉన్న కాస్త వివరం కూడా పోతుంది. విరుగుడు ఇది: కెమెరా ప్రొఫైల్ వివిడ్‌లో ఉంటే న్యూట్రల్‌కు మార్చండి, మొత్తం శాచురేషన్ (రంగు గాఢత) ముట్టుకోకుండా ఎరుపు ఒక్కదాని శాచురేషన్ 15, 20 తగ్గించండి, ఎరుపు ల్యూమినెన్స్ (ఆ రంగు వెలుగు) కొద్దిగా కిందికి దించండి, అప్పుడు టెక్స్‌చర్ పెంచితే కాయ కాయ విడివిడిగా లేస్తుంది. రంగు తగ్గించాక మిర్చి ఇంకా ఎర్రగా కనిపించడం వింతగా ఉంటుంది, చేసి చూడండి. వచ్చేసారి తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ మూడింట రెండు స్టాప్‌లు తగ్గించి తీస్తే ఈ బాధ సగం తప్పుతుంది.

ఉండవల్లిది ఇంకో కథ. బయట ఎండ, లోపల చీకటి. ఒకే రాతిలో చెక్కిన శయన మూర్తి, అనంతపద్మనాభుడు, ఆ చీకట్లోనే ఉన్నాడు. మైనస్ రెండు, సున్నా, ప్లస్ రెండు అని మూడు ఎక్స్‌పోజర్లు తీసి హెచ్‌డీఆర్‌గా, అంటే చీకటీ వెలుగూ రెండూ కనిపించే ఒకే ఫొటోగా కలుపుతారు, అక్కడిదాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత షాడోస్ పూర్తిగా లేపేసి గుహను పెళ్లి మండపంలా వెలిగించేస్తారు. గుహ గుహలా ఉండనివ్వండి. బయటి స్తంభాల మీద వెలుగు పూర్తిగా, లోపలికి వెళ్లేకొద్దీ తగ్గుతూ ఉంటే చూసేవాళ్ల కన్ను దానంతటదే లోపలికి నడుస్తుంది. రంగు విషయంలో ఒక మెలిక ఉంది: నీడలోకి వచ్చే వెలుగు కాస్త నీలం, ఎండ పడ్డ రాయి పసుపు, మొత్తానికి ఒకే వైట్ బ్యాలెన్స్ పెడితే ఏదో ఒకటి పాడవుతుంది. లోపలి భాగానికి మాస్క్ గీసి అక్కడ టెంపరేచర్ విడిగా సరిచేయాలి.

ఒకే రా ఫైలు, అందరి చేతులు

ఇప్పుడు ఈ మొత్తంలో నాకు బాగా ఇష్టమైన భాగం. రా ఫోల్డర్‌లోంచి ఒక్క ఫైలు ఎంచుకుని, ఆ ఒక్కదాన్నే అందరూ ఎడిట్ చేయాలి. మరీ మంచి ఫొటో ఎంచుకోవద్దు, కాస్త కష్టమైనది, సగం నీడ సగం ఎండ ఉన్నది అయితే బాగుంటుంది. గడువు మూడు రోజులు. గడువు దాకా ఎవరూ తమది చూపించకూడదు, చూస్తే చెయ్యి అటే పోతుంది. గడువు రోజు రాత్రి అందరి ఎడిట్లూ ఒకేసారి ఫోల్డర్‌లోకి రావాలి.

అన్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఒకరు దాన్ని రాత్రిలా మార్చి ఉంటారు, ఒకరు పగలులా, ఒకరు బ్లాక్ అండ్ వైట్‌గా. ఇక అక్కడినుంచి ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది, మీ చెయ్యి ఎప్పుడూ ఎటు మొగ్గుతుందో. అన్ని ఫొటోల్లోనూ పచ్చదనం పసుపు వైపు లాగే అలవాటు మీకుందని ఒంటరిగా కూర్చుంటే ఎప్పటికీ తెలియదు.

దీనికి ఒక షరతు. ఆ రా ఫైలు ఎవరిదో వాళ్ల అనుమతి ముందే తీసుకోవాలి, ఎడిట్ చేసిన వాళ్లు దాన్ని తమ పేరుతో బయట పెట్టుకోకూడదు. మన దేశంలో కాపీరైట్ చట్టం 1957 నాటిది, ప్రకాశం బ్యారేజీ పూర్తయింది కూడా ఆ ఏడాదే, దాని ప్రకారం మామూలుగా ఫొటో తీసిన మనిషే దానికి మొదటి హక్కుదారు. సరదాగా తీసుకున్న ఫొటో అయినా, వర్క్‌షాప్‌లో తీసిందైనా అంతే. వర్క్‌షాప్ నడిపినవాళ్లు మీ ఫొటోను వాళ్ల ప్రచారానికి వాడుకోవాలన్నా అడగాలి, మీరు పేరు వేయమని చెప్పొచ్చు.

అభిప్రాయం చెప్పడం

"సూపర్ అన్నా"ని నిషేధించండి. ప్రతి ఫొటోకూ ఒక్కొక్కరు రెండు మాటలు చెప్పాలి, ఫొటోలో నిలబడుతున్నది ఏది, మార్చాల్సింది ఏది, రెండూ ఫ్రేమ్‌లో ఏ చోట ఉన్నాయో వేలు పెట్టి చూపించినట్టు. "కలర్స్ బాగున్నాయి" వద్దు, "కుడి వైపు గట్టు మీద పడ్డ ఎండ బాగుంది, దాని పక్కనే ఉన్న తెల్లటి బోర్డు కన్ను లాగేస్తోంది" కావాలి.

మన గ్రూపుల్లో ఇంకో ఇబ్బంది ఉంది. రిటైరైన మాస్టారు ఒకరుంటారు, ఇంజనీరింగ్ చదివే కుర్రాడు ఒకడుంటాడు. మాస్టారి ఫొటోలో ఆకాశం బర్న్ అయిందని ఆ కుర్రాడికి కనిపిస్తుంది, చెప్పడానికి నోరు రాదు. ఇలా చెప్పొచ్చు: "మాస్టారూ, ఎడమ మూల ఆకాశంలో వివరం పోయినట్టుంది, రా ఫైలులో హైలైట్స్ ఇంకొంచెం దించి చూస్తారా?" గౌరవానికి గౌరవం, మాటకు మాట. అలాగే పెద్దవాళ్లు కూడా "మా రోజుల్లో ఎడిటింగే లేదు బాబూ" అనడం కాస్త తగ్గించుకోవాలి. ఉండేది, డార్క్‌రూమ్‌లో ప్రింట్ వేసేటప్పుడు కొన్ని చోట్లను తేలిక చేసే డాడ్జింగ్, ముదురు చేసే బర్నింగ్ చేసేవాళ్లు. ఇప్పటి మాస్క్‌లు అవే.

ఫొటో చూసే ముందు ఫోన్ బ్రైట్‌నెస్ సగానికి తెచ్చి, రాత్రి పూట పసుపు చేసే నైట్ మోడ్ ఆపేయండి. కొన్ని ఫోన్లలో డిస్‌ప్లే వివిడ్ అని ఉంటుంది, దాన్ని నేచురల్‌కు మార్చండి, లేకపోతే ఎదుటివాళ్ల ఫొటోకు మీ ఫోన్ రంగు పూసి మీరే తిడుతుంటారు. గూగుల్ మీట్‌లో స్క్రీన్ షేర్ చేసి ఎడిటింగ్ చూపించడం మంచి పనే, ఉచిత ఖాతాలో ముగ్గురు, అంతకంటే ఎక్కువ మంది ఉంటే గంట దాకా నడుస్తుంది, కానీ వీడియోలో రంగులు చెడిపోతాయి. అక్కడ పద్ధతి చూడండి, రంగు మీద తీర్పు ఫైలు తెరిచాక.

ఏం తీసేశారో చెప్పండి

కరెంటు తీగలు చెరపడం, డస్ట్ స్పాట్లు తీయడం మామూలే. కానీ కొండపల్లి కోట మీద నుంచి తీసి, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగ గొట్టాలు చెరిపేసి, ఆకాశం వేరేది అతికించి "నేచర్ ఎట్ ఇట్స్ బెస్ట్" అని పెడితే పక్కనే నిలబడి తీసిన పదిమందికీ నవ్వొస్తుంది. చెరపొద్దని నేను అనను, నాకైతే ఆ గొట్టాలున్న ఫొటోనే ఇష్టం, అది మన ఊరి ఆకాశమే. చెరిపితే మాత్రం స్టెప్స్‌లో ఒక లైన్ రాయండి. ఏఐతో ఆకాశం మార్చినా అంతే.

ఘాట్ దగ్గర స్నానం చేస్తున్నవాళ్లు, పిల్లలు గుర్తుపట్టేంత దగ్గరగా ఉంటే గ్రూపు దాటి బయట పెట్టొద్దు. డ్రోన్ ఫొటోలు తీసినవాళ్లు 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం ఆ చోటు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకునే ఎగరేశారా అని అడ్మిన్ అడగాలి.

చివరికి ప్రింట్

గ్రూపు మొత్తం కలిసి నాలుగైదు ఫొటోలు ప్రింట్ చేయించుకోండి, స్క్రీన్ మీద కనపడని తప్పులన్నీ కాగితం మీద కనిపిస్తాయి. 12 బై 18 అంగుళాలకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చొప్పున 3600 బై 5400 పిక్సెల్స్ కావాలి, 24 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చే 4000 బై 6000 దానికి సరిపోతుంది, నిష్పత్తి కూడా ఒకటే కాబట్టి క్రాప్ అవసరం లేదు. ఫోన్ ఫొటోలు ఎక్కువగా 4 బై 3లో ఉంటాయి, వాటి పైనా కిందా కొంత పోతుంది, ఏది పోవాలో మీరే క్రాప్ చేసి ఇవ్వండి. ఎడిట్ ఫోల్డర్‌లోని 2048 పిక్సెల్స్ ఫైలు ప్రింట్‌కు ఇవ్వొద్దు, రా నుంచి ఫుల్ సైజులో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాలి. స్క్రీన్ మీద బాగున్న ఫొటో కాగితం మీద కొంచెం చీకటిగా వస్తుంది, నీడలు కాస్త లేపి ఇవ్వండి. ల్యాబ్‌లో "ఆటో కరెక్షన్ వద్దండీ, ఉన్నదున్నట్టు వేయండి" అని నోటితో చెప్పాలి, లేకపోతే మీ సూర్యోదయాన్ని మిషన్ తెల్లగా చేసి ఇస్తుంది. ముందు 4 బై 6లో ఒక టెస్ట్ ప్రింట్ తీసి పగటి వెలుగులో చూసుకుని, తర్వాతే పెద్దది వేయించండి.

ఇదంతా అయ్యాక అడ్మిన్ ఒక తేదీ ప్రకటించి, ఆలోపు ఎవరికి కావలసినవి వాళ్లు దింపుకోమని చెప్పి, రా ఫోల్డర్ ఖాళీ చేయించాలి. తమ రా ఫైలు ఇతరుల దగ్గర ఉండకూడదనుకునేవాళ్లు ఆ సంగతి అంతకంటే ముందే చెప్పాలి. స్టెప్స్ ఫోల్డర్ మాత్రం తీయొద్దు, వచ్చే వర్క్‌షాప్ కొండవీడులో పెట్టుకున్నా, ఉప్పలపాడు కొంగల దగ్గర పెట్టుకున్నా, కొత్తగా చేరేవాళ్లకు ముందు దాని లింకే పంపండి.